ఆపరేషన్ అయ్యాక ఏమైంది? సర్జన్ చదువు, పరిశోధన గురించి

(అమలాపురంలో మెడిసిన్ విద్యార్థులు, సర్జరీ పీజీలు, తల్లిదండ్రుల ముందు ఒక రిటైర్డ్ సర్జరీ ప్రొఫెసర్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, కూర్చోండి. పీజీ పిల్లలు కాస్త జరిగి పెద్దవాళ్లకి చోటివ్వండి.

సర్జన్ ఎలా తయారవుతాడు, మెడికల్ కాలేజీలోనే ఉండిపోయిన సర్జన్ జీవితమంతా ఏం చేస్తాడు, ఈ రెండూ చెప్పమన్నారు నన్ను. తల్లిదండ్రులు ఎక్కువమంది వచ్చారు కాబట్టి ముందు మీరు ఎప్పుడూ అడిగే ప్రశ్నకే జవాబు చెప్పేస్తాను. ఎన్నేళ్లు పడుతుందండీ? ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు. హౌస్ సర్జన్సీ ఒక ఏడాది. ఆ తర్వాత నీట్ పీజీ రాసి సీటు తెచ్చుకుంటే ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్లు. గుండె, కిడ్నీ, ప్లాస్టిక్ సర్జరీ లాంటివి కావాలంటే ఎంసీహెచ్ ఇంకో మూడేళ్లు. కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం కావాలంటే సీనియర్ రెసిడెంట్‌గా ఒక ఏడాది చెయ్యాలి, అప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసర్. మధ్యలో ఎంట్రన్స్‌కి పోయే ఏళ్లు వేరు. మొత్తం మీద మీ పిల్లాడు ముప్పై దాటాక గానీ నిలదొక్కుకోడు. ఇది తెలిసే దిగండి. తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరి ఇళ్లు కొనుక్కుంటుంటే మనవాడు ఇంకా హాస్టల్లో ఉంటాడు. ఆ టైములో ఇంట్లో వాళ్లు మరొకడితో పోల్చి మాట్లాడకుండా ఉంటే చాలు, అదే పెద్ద సాయం.

సరే, ఆ మూడేళ్ల ఎంఎస్‌లో ఏం నేర్పుతారు? అందరూ అనుకునేది చెయ్యి నేర్పుతారని. నిజమే, చెయ్యి నేర్పుతారు. మొదటి ఏడాది పీజీకి కత్తి ఇవ్వరు, రిట్రాక్టర్ ఇస్తారు. పొట్ట గోడని వెనక్కి లాగి పట్టుకుని గంటల తరబడి నిలబడాలి. అలా పట్టుకుని నిలబడి చూసిన కళ్లే తర్వాత పనికొస్తాయి. రాత్రి హాస్టల్‌కి పోయాక ఇనుప మంచం కడ్డీకి రబ్బరు బ్యాండు తగిలించి, దానికి సిల్కు దారంతో ముళ్లు వేసి సాధన చేస్తారు. ఎందుకు రబ్బరు బ్యాండు? ముడి బిగించేటప్పుడు దారాన్ని పైకి లాగకూడదు. లాగితే లోపల రక్తనాళం తెగుతుంది. చూపుడువేలి కొనతో ముడిని కిందికి నెట్టుకుంటూ పోవాలి. ముడి పడేంతవరకూ ఆ బ్యాండు కదలకూడదు, పైకి లేవకూడదు. అది కుదిరాక ఎడమ చేత్తో. తర్వాత గ్లవ్స్ తడుపుకుని. ఆ తర్వాత కళ్లు మూసుకుని. ఎందుకంటే పొట్ట లోపల, రక్తంలో, ఒక్కోసారి కంటికి కనపడని చోట వెయ్యాల్సి వస్తుంది ఆ ముడి.

రెండో ఏడాది, మూడో ఏడాదికి అంతకంటే కష్టమైనది వస్తుంది. ఎప్పుడు కొయ్యాలి, ఎప్పుడు ఆగాలి. అర్ధరాత్రి కడుపునొప్పితో మనిషి వస్తాడు. ఇప్పుడే ఆపరేషనా, సెలైన్ పెట్టి తెల్లవారేదాకా చూడాలా? అది పుస్తకం చెప్పదు. ప్రతి గంటకీ వెళ్లి పొట్ట మీద చెయ్యి వేసి చూసినవాడికే తెలుస్తుంది.

ఇంతవరకూ ఏ సర్జన్ అయినా చెబుతాడు. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది దీని తర్వాతది. చెయ్యి తిరిగింది. ఎప్పుడు కొయ్యాలో తెలిసింది. అంతటితో సర్జన్ తయారైపోయినట్టేనా? కాదండి. నేను కాదంటాను.

ఎందుకు కాదంటానో ఒక్క ఉదాహరణతో చెబుతాను, కొంచెం వివరంగా వినండి. అమెరికాలో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి అని ఉంది, 1889లో మొదలైంది. అక్కడ విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ ఉండేవారు. ఇవాళ మన పీజీలు చేసే రెసిడెన్సీ చదువు, ఏటేటా బాధ్యత పెంచుకుంటూ పోయే పద్ధతి, సర్జరీలో ఆయన వేసిన దారే. థియేటర్‌లో రబ్బరు గ్లవ్స్ అలవాటైంది కూడా ఆయన దగ్గరే. మహా నేర్పరి. రొమ్ము క్యాన్సర్‌కి ఆయన ఒక పెద్ద ఆపరేషన్ కనిపెట్టారు. రొమ్ము మొత్తం, దాని కింద ఛాతీ కండరాలు, చంకలో లింఫ్ గ్రంథులు, అన్నీ కలిపి తీసేయడం. క్యాన్సర్ దగ్గర నుంచి చుట్టూ పాకుతుంది కాబట్టి ఎంత వెడల్పుగా తీస్తే అంత మంచిదని ఆయన నమ్మకం. 1894లో ఫలితాలు ప్రచురించారు. ఇంచుమించు డెబ్బై ఐదేళ్లు ప్రపంచమంతా అదే ఆపరేషన్ చేసింది. ఆ ఆడవాళ్ల ఛాతీ ఎముకలు చర్మం కింద బయటికి కనపడేవి. చెయ్యి వాచి పైకెత్తలేకపోయేవారు. అయినా బతికించడానికే కదా అని అందరూ ఒప్పుకున్నారు.

పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ వచ్చి ఒక ప్రశ్న అడిగారు. అంత తీస్తే నిజంగానే ఎక్కువమంది బతుకుతున్నారా? ఆయన సర్జనే, కానీ లాబొరేటరీలో కూర్చుని క్యాన్సర్ కణాలు రక్తంలోకి, లింఫ్‌లోకి ఎలా వెళ్తాయో ఏళ్ల తరబడి చూసిన మనిషి. క్యాన్సర్ మొదట్లోనే ఒళ్లంతా పాకగలదు, అలాంటప్పుడు చుట్టుపక్కల కండ కోస్తే లాభమేంటి అని ఆయన వాదన. వాదించి ఊరుకోలేదు. 1971లో ఒక పరీక్ష, 1976లో ఇంకొకటి మొదలుపెట్టారు. రెండో దాంట్లో 1,800 మందికి పైగా ఆడవాళ్లు. ఎవరికి ఏ ఆపరేషన్ అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. కొందరికి రొమ్ము మొత్తం తీశారు, కొందరికి గడ్డ మాత్రమే, కొందరికి గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. ఇరవై ఏళ్లు వదలకుండా వాళ్లని కనిపెట్టుకుని ఉన్నారు. 2002లో ఇరవై ఏళ్ల ఫలితం వచ్చింది. బతకడంలో తేడా లేదు. గడ్డ మాత్రం తీసినవాళ్లలో అదే రొమ్ములో క్యాన్సర్ మళ్లీ రావడం 39 శాతం, రేడియేషన్ కూడా ఇస్తే 14 శాతం. అంటే గడ్డ తీసి రేడియేషన్ ఇస్తే చాలు, రొమ్ము ఉంచొచ్చు. ఇవాళ మన ఊరి ఆడపడుచుకి రొమ్ము తీయకుండా వైద్యం దొరుకుతోందంటే ఆ వెయ్యి ఎనిమిది వందల మంది, ఆ సర్జన్ వల్లే.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ డెబ్బై ఐదేళ్లు ఆపరేషన్లు చేసిన సర్జన్లకి చెయ్యి తిరగలేదా? తిరిగింది. అద్భుతంగా తిరిగింది. పేషెంట్ల మీద ప్రేమ లేదా? ఉంది. కొరవడింది ఒక్కటే. రెండు పద్ధతులు పక్కపక్కన పెట్టి, ఏళ్ల తరబడి లెక్క చూసినవాళ్లు బహు తక్కువ. అందుకే అంటున్నాను, ఆపరేషన్ చెయ్యడంతో పాటు, ఆపరేషన్ అయ్యాక ఏమైందో తెలుసుకోవడం కూడా సర్జన్ పనే. అది ఖాళీ ఉన్నప్పుడు చేసే పని కాదు. అదీ సర్జరీయే.

"ఇదంతా అమెరికా సంగతి కదండీ, మనకెందుకు?" అంటారు. మనకే ఎక్కువ కావాలి. మన గోదావరి జిల్లాల పేషెంటు ఎలా మాట్లాడతాడో మీకు తెలియనిది కాదు. వరిబీజం ఆపరేషన్ చేసిన మనిషి మూడు నెలలకి రివ్యూకి వచ్చాడనుకోండి. లంకలో పడవ ఎక్కి, బస్సు మారి, చేతిలో అరటి గెల పట్టుకుని వస్తాడు. "ఎలా ఉంది బాబూ?" అని ప్రొఫెసర్ అడిగితే, "ఆయ్, బాగుందండి, మీ దయండి" అంటాడు. అదే మనిషి బయట డ్రెస్సింగ్ గదిలో సిస్టరమ్మ దగ్గర, "పదిహేను రోజుల నుంచి మళ్లీ నీరు దిగుతున్నట్టుంది సిస్టరుగారూ, డాక్టరుగారితో ఎలా చెప్పమంటారు, బాధపడతారేమో" అంటాడు. ఇది మా ఓపీలో నేను చూస్తూ వచ్చిందే. అది మన మర్యాద. నాకు ఆ మర్యాదంటే ఎంతో గౌరవం. కానీ ఆ "బాగుందండి"ని రిజిస్టరులో అలాగే రాసుకుంటే మన ఆపరేషన్లన్నీ నూటికి నూరు శాతం సక్సెస్ అయిపోతాయి! అందుకని పీజీలకి ఒక నియమం చెబుతాను, రాసుకోండి. ఆపరేషన్ చేసినవాడు ఫలితం అడగకూడదు. వేరేవాళ్లు అడగాలి, వీలైతే ఏ పద్ధతిలో చేశారో తెలియనివాళ్లు. అడగడమే కాదు, చూడాలి, కొలవాలి. పెద్ద దేశాల స్టడీల్లోనూ ఇదే పాటిస్తారు. మన దగ్గర మర్యాద ఎక్కువ కాబట్టి ఇంకా గట్టిగా పాటించాలి.

కొలవడం అన్నాను కదా, బోదకాలు గురించి చెబుతాను. ఈ హాల్లో యాభై దాటినవాళ్లకి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు రాత్రి పూట ఫైలేరియా వాళ్లు ఇంటికొచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్లేవారు, గుర్తుందా? ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి, అందుకని. దానికి ఏటా ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర ఎక్కడిదో తెలుసా? 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపిస్తుండగా ఆయన బృందం తెచ్చిన మందు అది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టారని సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, ఆయనకి పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ ఆసరా, మామగారు కూర్చిన డబ్బు, వీటితో ఆయన అమెరికా వెళ్లారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములు పోవడం ఆయన కళ్లారా చూశారు. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్ మీద తర్వాత ఆయన బృందమే పని చేసింది. ప్రశ్న ఎక్కడ పుడుతుందంటే ఇలా, ఇంట్లో పుడుతుంది.

అయితే ఆ మాత్ర రక్తంలో ఉన్న పురుగు పిల్లల్ని చంపుతుంది. వాచిపోయిన కాలుని మళ్లీ మామూలు చెయ్యదు. మరి కాలు సంగతేంటి? సర్జన్లు ఏళ్ల తరబడి రకరకాలుగా కోసి చూశారు. బ్రెజిల్‌లో రెసీఫె అనే ఊళ్లో, అదీ మనలాగే దోమల ఊరు, జెరూసా డ్రెయర్ అనే డాక్టరమ్మ, ఆమె తోటివాళ్లు పేషెంట్లని దగ్గరగా చూశారు. చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రబారుతుంది చూడండి, ఆ జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం లావవుతుంది. ఆ జ్వరాలు ఎక్కువగా వేళ్ల సందుల్లో పగుళ్ల గుండా దూరిన బాక్టీరియా వల్ల వస్తున్నాయని తేలింది. రోజూ సబ్బుతో కడగడం, సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దడం, పగుళ్లకి మందు రాయడం, కూర్చున్నప్పుడు కాలు పైకి పెట్టుకోవడం. దీంతో జ్వరాలు తగ్గుతాయి. నాట్ల కాలంలో పొద్దస్తమానం బురదలో నానే మన ఆడకూలీల కాళ్ల గురించి ఒక్కసారి ఆలోచించండి. వాళ్లకి ఇంతకంటే పనికొచ్చే సర్జరీ సలహా ఏముంది?

దీన్ని మన దగ్గర స్టడీ చెయ్యాలంటే కావలసింది ఒక టేపు. మడమ నుంచి పది, ఇరవై, ముప్పై సెంటీమీటర్ల ఎత్తులో పెన్నుతో గుర్తు పెట్టాలి. ప్రతిసారీ అవే ఎత్తులు. ప్రతిసారీ పొద్దున్నే కొలవాలి, సాయంత్రానికి ఏ కాలైనా వాస్తుంది కాబట్టి. టేపు బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు. కిందటి నెల అంకె చూడకుండా ఈ నెలది రాయాలి. జ్వరం ఎన్నిసార్లు వచ్చిందో పేషెంటు ఇంట్లో క్యాలెండర్ మీదే గీత పెట్టించాలి. ఇంతే. కోట్ల రూపాయల మిషన్లు అక్కర్లేదు. ఓపిక కావాలి, నిజాయితీ కావాలి.

నిజాయితీ అన్నాను కాబట్టి థీసిస్ గురించి మాట్లాడాలి. పీజీలూ, కోపం తెచ్చుకోకండి. ఎంఎస్‌కి థీసిస్ తప్పనిసరి. చాలామంది దాన్ని తద్దినంలా చూస్తారు. సీనియర్ థీసిస్ తెచ్చి, కాలేజీ పేరు మార్చి, అంకెలు అటూ ఇటూ చేసి సబ్మిట్ చేస్తారు. యాభై మంది పేషెంట్లు, యాభై మందీ మూడో నెలలో, ఆరో నెలలో రివ్యూకి వచ్చారని రాస్తారు. ఆగస్టులో గోదావరికి వరదొస్తే లంకల నుంచి మనుషులు రాలేరు. ఫోన్ నంబర్లు మారిపోతాయి. కొందరు హైదరాబాద్ పనులకి వెళ్లిపోతారు, కొందరు గల్ఫ్‌కి. యాభై మందిలో యాభై మందీ వచ్చారన్న థీసిస్‌ని నేను నమ్మను. ముప్పై ఎనిమిది మంది వచ్చారు, పన్నెండు మంది ఏమయ్యారో వెతికాం, నలుగురు దొరికారు, మిగతా ఎనిమిది మంది దొరకలేదు అని రాసినదాన్ని నమ్ముతాను, దానికి మంచి మార్కులు వేస్తాను. రానివాళ్లే ముఖ్యం. బాగున్నవాళ్లు రాకపోవచ్చు, బాగా దెబ్బతిన్నవాళ్లూ వేరే ఆసుపత్రికి వెళ్లిపోయి రాకపోవచ్చు.

అంకెలు మార్చితే ఏమవుతుందో తెలుసా? ఇందాక చెప్పిన ఫిషర్ గారి స్టడీలోనే కెనడాలో ఒక సర్జన్, పేషెంట్లు స్టడీలోకి రావడానికి అర్హత కలిసేలా తేదీలు మార్చాడు. 1994లో అది పేపర్లకెక్కింది. ప్రపంచమంతా ఆడవాళ్లు భయపడిపోయారు, "మాకు రొమ్ము ఉంచి తప్పు చేశారా?" అని. తను మార్చకపోయినా ఫిషర్ గారిని పదవి నుంచి తప్పించారు. చివరికి ఆ సర్జన్ పేషెంట్లందరినీ తీసేసి మళ్లీ లెక్క వేస్తే అదే జవాబు వచ్చింది. ఫిషర్ గారికి గౌరవం తిరిగొచ్చింది. కానీ ఆ మధ్యలో ఆ ఆడవాళ్లు పడ్డ మనోవేదనకి ఎవరు జవాబు చెబుతారు?

కాలేజీ ఉద్యోగం గురించి కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. కార్పొరేట్‌లో వచ్చేంత జీతం రాదు. పొద్దున ఓపీ, రౌండ్స్, థియేటర్, మధ్యాహ్నం క్లాసు, రాత్రి ఎమర్జెన్సీ. పరిశోధనకి వేరే టైమంటూ ఎవరూ ఇవ్వరు, మనమే తీసుకోవాలి. ప్రమోషన్‌కి ఇన్ని పేపర్లు ఉండాలన్న నిబంధన వల్ల, డబ్బు కడితే ఏదైనా అచ్చువేసే జర్నళ్లు పుట్టుకొచ్చాయి. వాటి జోలికి పోకండి. పదేళ్లలో ఒక్క ప్రశ్నకి సరైన జవాబు తెచ్చినా అది గొప్ప కెరీరే.

జిల్లాలో ఉండి ఏం చేస్తాం అనేవాళ్లకి మహారాష్ట్రలో దోండైచా అనే చిన్న ఊరి సర్జన్, టోంగావ్‌కర్ గారి సంగతి చెప్పాలి. హెర్నియాకి లోపల వేసే మెష్, అంటే వల లాంటి గుడ్డ, ఖరీదు పేదవాళ్లకి అందడం లేదని, దోమతెర గుడ్డని ముక్కలు చేసి, స్టెరిలైజ్ చేసి వాడారు. వాడి ఊరుకోలేదు, ఫలితాలు రాసి 2003లో ప్రచురించారు. ఆ దారిలోనే యుగాండాలో 302 మంది మగవాళ్లతో పద్ధతి ప్రకారం పరీక్ష జరిగింది. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దోమతెర మెష్ వేసినవాళ్లలో ఏడాది తిరిగేసరికి ఒక్కరికి మాత్రమే హెర్నియా తిరిగొచ్చింది, ఖరీదైన మెష్‌తో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. దోమతెర లేని ఇల్లు మన కోనసీమలో ఉందా చెప్పండి? మరి ఆ ఆలోచన ఎవరికి రావాలి? అయితే ఒక్క మాట, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా, పేషెంటుకి తెలుగులో విడమర్చి చెప్పి ఒప్పుకోలు తీసుకోకుండా ఎవరూ ఇంట్లో తెర కత్తిరించి వెయ్యకూడదు. ఏ దారం, ఏ రకం నేత, ఎంత వేడికి తట్టుకుంటుంది, అన్నీ చూశాకే వాళ్లు వేశారు.

ఎంబీబీఎస్ పిల్లలకి: ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి వాళ్లు, మీ కోసమే 1979 నుంచి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఇస్తున్నారు. రెండు నెలల్లో అయ్యే చిన్న ప్రశ్న, ఒక గైడు, అంతే. రెండో ఏడాదిలోనే వేసి చూడండి. పీజీలకి ఇప్పుడు డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ అని మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో ఉండాలి. దాన్ని శిక్షగా చూడకండి, ప్రశ్నలు దొరికే చోటు అది. ఆడపిల్లల తల్లులు కొందరు "అమ్మాయికి సర్జరీ ఎందుకండీ, గైనకాలజీ తీసుకోవచ్చుగా" అని ఇందాక టీ దగ్గర అడిగారు. ఎందుకు తీసుకోకూడదమ్మా? రొమ్ములో గడ్డ ఉందని మగ డాక్టరుకి చూపించలేక ఏడాది దాచుకుని వచ్చే ఆడవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. మీ అమ్మాయి సర్జన్ అయితే వాళ్లు ముందే వస్తారు.

చివరగా ఒక ప్రశ్న ఇచ్చి వెళ్తాను, ఎవరైనా పట్టుకోండి. కోనసీమలో కొబ్బరిచెట్టు మీద నుంచి పడినవాళ్లు మన ఆసుపత్రులకి వస్తూనే ఉంటారు. పడిన మనిషిని ఇద్దరు చంకల కింద పట్టుకుని లేపి, ఆటోలో వంచి కూర్చోబెట్టి తెస్తారు. వెన్నెముక విరిగి ఉంటే ఆ వంచడంలోనే నరం నలిగిపోతుంది. ఎంతమంది చెట్టు దగ్గరే కాళ్లు కదపగలిగి, ఆసుపత్రికి వచ్చేసరికి కదపలేకపోయారు? ఎవరు ఎలా తెచ్చారు? తలుపు చెక్క మీద పడుకోబెట్టి తెచ్చినవాళ్లలో తేడా ఉందా? ఇది క్యాజువాలిటీలో నాలుగు ప్రశ్నల కాగితంతో రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు: పడగానే కాళ్లు కదిలాయా, ఎవరు లేపారు, దేనిలో తెచ్చారు, వచ్చేసరికి కదులుతున్నాయా. ఏడాది రాస్తే దింపు కార్మికులకి, ఆటోవాళ్లకి ఏం నేర్పాలో తేలుతుంది. రాయాలనుకునే పీజీలు ఇప్పుడే నా దగ్గరికి రండి, కాగితం ఎలా ఉండాలో కూర్చుని తయారుచేద్దాం. మిగతావాళ్లు ఏమైనా అడగాలంటే మైకు అటు పంపిస్తున్నాను.